వద్దన్న పిల్ల

“నోరు తెరువు,” అన్నాడు తండ్రి.

బొద్దు తెరవలేదు. పెదాలు రెండూ లోపలికి మడుచుకుని పళ్ళతో బిగబట్టింది.

“తెరుస్తావా, నన్ను తెరవమంటావా?”

“ఒరే, వదిలెయ్‌రా! పిల్లని చంపుతావా ఏంటి?” వంటగది గుమ్మంలోంచి నానమ్మ కేకేసింది.

“చావకుండా ఆపుదామనేగా అమ్మా, నా ఏడుపంతా!”

రాత్రంతా బేకరీలో పొయ్యి ముందు నిలబడి వచ్చిన మనిషి. చొక్కా కూడా మార్చుకోలేదు. ముంజేతుల మీద పిండి ఎండి చారలు కట్టింది. ఎడమచేత్తో కూతురి గడ్డం పట్టుకుని, కుడిచేత్తో బన్ను ముక్కని ఆ మూసిన పెదాల మీద అదుముతున్నాడు. ముక్క నలిగి పొడిపొడిగా పిల్ల గౌను మీద రాలుతోంది.

బల్లకి ఇవతల పిల్ల తల్లి, బడి టీచరు, నిలబడి చూస్తోంది. మొగుణ్ణి ఆపాలని ఆమెకి తెలుసు. నిన్న సాయంత్రం డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. “బలవంతం చెయ్యకండి. తిట్టకండి. తింటే మెచ్చుకోకండి కూడా. పక్కన కూర్చుని మామూలుగా మీరూ తినండి, అంతే. రేపు సాయంత్రంలోగా లోపలికి ఏదీ వెళ్ళకపోతే మాత్రం ఆసుపత్రిలో చేర్చాల్సిందే. ముక్కులోంచి గొట్టం వేసి తిండి పంపిస్తాం.” అన్నిటికీ తలలూపి వచ్చారు మొగుడూ పెళ్ళాలు. తెల్లారేసరికి ఇదీ వరస.

బొద్దుకి తొమ్మిదేళ్ళు. పుట్టినప్పుడు ఆ బుగ్గలు చూసి తండ్రి పెట్టిన ముద్దుపేరు అది. ఇల్లూ, వీధీ, బడీ, ఆఖరికి కూరగాయల బండివాడు కూడా అదే పిలుపు. ఇప్పుడా బుగ్గలు లేవు. మెడ కింద ఎముకలు రెండూ పైకి తేలాయి. నిన్న బడి మెట్ల మీద కూలబడిపోతే ఎత్తుకొచ్చిన ఆటల మాస్టారు, “ఈ పిల్లలో బరువేదండీ?” అని బిక్కమొహం వేశాడు. పేరు మాత్రం ఎవరూ మార్చలేదు. మార్చాలని ఎవరికి తోచింది గనక!

తండ్రి చెయ్యి కాస్త సడలింది. అంతే, పిల్ల కుర్చీలోంచి జారి, గోడ పట్టుకుని తూలుతూ సింకు దగ్గరికి పోయింది. కుళాయి తిప్పి పెదాలు కడుక్కుంది. చాల్లేదు. గిన్నెలు తోమే సబ్బు వేలికి రాసుకుని మళ్ళీ తోముకుంది.

“సబ్బెందుకే తల్లీ?” అంది నానమ్మ, గుండెల మీద చెయ్యి వేసుకుని.

“అంటుకుంది.”

“ఏం అంటుకుందే?”

“వెన్న,” అంది బొద్దు. ఇంకోసారి నురగ చేసుకుంది.

తండ్రి చేతిలో మిగిలిన బన్ను అలాగే ఉండిపోయింది. దాన్ని పళ్ళెంలో పెట్టి పెళ్ళాం వైపు తిరిగాడు.

“చూశావా? నేను చేసింది మూతికి తగిలితే సబ్బెట్టి కడుగుతోంది. ఊరి పిల్లలంతా నేను కాల్చినవి తిని బళ్ళోకి పోతారు. నా కూతురికి నేను అంటరాని వాణ్ణయ్యాను.”

“ఇప్పుడు మీ బాధ బన్ను గురించా, పిల్ల గురించా?”

“నాకు రెండూ ఒకటే.”

“అరవకండి. నిన్న డాక్టరమ్మ ఏం చెప్పింది?”

“నీకు ఎవరో ఒకరు చెప్పాలి! డాక్టరు చెప్పాలి, పుస్తకం చెప్పాలి. ఏడాది నుంచీ ఈ ఇంట్లో నోట్లో ముద్ద పెట్టుకోవాలంటే పరీక్ష రాస్తున్నట్టుంది. ఇందులో చక్కెరెంత, అందులో ఉప్పెంత! మా అమ్మ ఒక్క బిస్కెట్టు తినాలంటే బాత్రూంలో గడియ పెట్టుకుని తింటోంది, తెలుసా నీకు?”

“నన్నెందుకురా మధ్యలోకి లాగుతావ్?” అంది నానమ్మ. ఆవిడ మొహం జేవురించింది. “ఏదో ఒకసారి తిన్నాను. దానికి దండోరా వెయ్యాలా?”

ఇంకో రోజైతే ముగ్గురూ నవ్వేవారు. ఇవాళ ఎవరికీ నవ్వు రాలేదు. బొద్దు తడి మూతిని భుజానికి తుడుచుకుని, ఎవరివైపూ చూడకుండా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

“అయితే నేనేం చెయ్యాల్సింది?” అంది టీచరు. “మా క్లాసులో పిల్లలు పొద్దున్న ఏమీ తినకుండా చిప్సు పాకెట్టు పట్టుకుని వచ్చేవాళ్ళు. ఎనిమిదేళ్ళకే పళ్ళు పుచ్చిపోయి దవడ పట్టుకుని ఏడ్చేవాళ్ళు. చూస్తూ ఊరుకోమంటారా? ఇవాళ నా క్లాసులో డబ్బాలు తెరిపించి చూడండి. పళ్ళు ఉంటాయి, పల్లీలు ఉంటాయి, ఉడకబెట్టిన గుడ్లు ఉంటాయి. ఇళ్ళకెళ్ళి అమ్మలకి చెప్పి తెప్పించుకుంటున్నారు. అది నా తప్పా?”

“వాళ్ళ సంగతి నాకెందుకు? మనది చూడు.”

అప్పుడే ఫోను మోగింది. బడి పెద్ద మేడం. ఆవిడతో మాట్లాడ్డానికి ఫోనెందుకు, కిటికీ తీస్తే చాలని స్టాఫ్‌రూంలో చెప్పుకునేవారు. అంత గొంతు.

“పాపకెలా ఉందమ్మా? నీరసమేగా? పిల్లలన్నాక ఎండకి పడుతుంటారు, లేస్తుంటారు. ఎల్లుండికి లేచి తిరుగుతుందిగా? మిగతా బళ్ళవాళ్ళు మన చిరుతిండి పాఠం చూడ్డానికి వస్తున్నారు, మర్చిపోకు. పాప లేకపోతే ఎలా? ఆఖర్న దాని ముందు నువ్వు వాళ్ళ నాన్న చేసిన బన్ను పెడతావే, అది ‘వద్దు’ అంటుందే, ఆ ఒక్కటి ఉంటే చాలు. పోయినసారి నాకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయంటే నమ్ము!”

“మేడం, నేను మళ్ళీ చేస్తాను,” అని టీచరు ఫోను పెట్టేసింది. పెట్టేసి లాభం లేకపోయింది. వినాల్సినవాళ్ళు విననే విన్నారు.

వంటగదిలో కుళాయి బొట్టుబొట్టుగా కారుతోంది. నానమ్మ వెళ్ళి గట్టిగా తిప్పి వచ్చింది.

“ఏ బన్ను?” అన్నాడు తండ్రి. ఇందాకటి అరుపు ఎటు పోయిందో, చాలా మెల్లగా అడిగాడు.

“కూర్చోండి, చెప్తాను.”

“నిలబడే వింటాను. చెప్పు.”

ఆమె చెప్పింది. శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో బుట్ట నిండా చాక్లెట్లు, చిప్సు, కేకులు పెట్టుకుని ఒక్కో బెంచీ దగ్గరికీ వెళ్తుంది. పిల్లల మొహం ముందు పెట్టి, “కావాలా?” అని ఊరిస్తుంది. “వద్దు” అన్నవాళ్ళకి క్లాసంతా చప్పట్లు కొడుతుంది. పిల్లలకి అదంటే పండగే. కానీ సొంత కూతురు అదే క్లాసులో ఉందాయె. ‘టీచరుగారమ్మాయికి చప్పట్లు ఉత్తినే పడతాయి’ అని తల్లిదండ్రుల్లో ఎవరో అన్న మాట ఆమె చెవిన పడింది. ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఆ వారం నుంచీ బొద్దుని అందరికన్నా ఆఖర్న అడగడం మొదలుపెట్టింది. అందరికన్నా కష్టమైనది ఇవ్వాలని, బొద్దుకి అన్నిటికన్నా ఇష్టమైనది ఏదో ఆలోచించింది.

“పొద్దున్న దాని కోసం నేను తెచ్చేదేనా?” అన్నాడు తండ్రి. “చల్లారిపోకుండా గుడ్డలో చుట్టి, చొక్కా లోపల పెట్టుకుని తెచ్చేది?”

ఆమె తలూపింది.

“బళ్ళో తింటానని సంచిలో పెట్టుకుపోయేది. తింటోందనుకున్నాను.”

“మొదట్లో తినేదేనండి.”

“అందరి ముందూ వద్దందా?”

“ఊఁ.”

“అందరూ చప్పట్లు కొట్టారా?”

“కొట్టారు.”

“నువ్వూ కొట్టావా?”

కొట్టింది. గర్వంతో ఒళ్ళు పొంగిపోయి, మిగతా పిల్లలకన్నా గట్టిగా కొట్టింది. ఆ క్షణాన కూతురి మొహం వెలిగిపోవడం కూడా ఆమెకి బాగా గుర్తుంది.

ఆయన తిడితే బాగుండునని ఆమెకి అనిపించింది. ఆయన సింకు దగ్గరికి వెళ్ళి ముంజేతుల మీద పిండంతా రుద్ది రుద్ది కడుక్కున్నాడు. వీధి తలుపు తీసి, ఇంటికి వీపు పెట్టి మెట్ల మీద కూర్చున్నాడు.

“మీరిద్దరూ తర్వాత తీరిగ్గా కొట్టుకు చావండి,” అంది నానమ్మ, చీపురు తీసుకుని బన్ను పొడి ఊడుస్తూ. “సాయంత్రమైతే దాని ముక్కులో గొట్టం దూరుస్తారు. ముందు ఆ సంగతి చూడండి. వెళ్ళమ్మాయ్, వెళ్ళు దాని దగ్గరికి. నేను వెళ్తే మొహం తిప్పేసుకుంటోంది.”

టీచరు పళ్ళెంలో ఒక గుడ్డు, నాలుగు ఆపిల్ ముక్కలు, గ్లాసులో పాలు పెట్టుకుని గదిలోకి వెళ్ళింది.

బయట ఎండ మండిపోతోంది. బొద్దు స్వెట్టరు వేసుకుని, దుప్పటి కప్పుకుని మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. ఈ మధ్య దానికి ఎప్పుడూ చలే.

“నేనూ ఇవాళ ఏం తినలేదే. ఇద్దరం కలిసి తిందామా?”

“నాకు ఆకలి లేదు.”

“ఒక్క ఆపిల్ ముక్క?”

“అందులో తీపి ఉంది.”

“అది పండు తీపి. మంచిదే.”

“తీపి తీపేగా.” పిల్ల ఓపిగ్గా, తెలియనివాళ్ళకి చెప్పినట్టు చెప్పింది. “గుడ్డులో పచ్చసొన ఉంది. పాల మీద మీగడ ఉంది. ముందు కొంచెమే కదా అనిపిస్తుంది. కొంచెమే తర్వాత అలవాటవుతుంది.”

ఆ మాటలే కాదు, ఆ విరుపు కూడా టీచరుదే. బోర్డు ముందు నిలబడి, వేలెత్తి, తను సరిగ్గా ఇలాగే అంటుంది.

“పోనీ, ఏది తినొచ్చో నువ్వే చెప్పు. అదే తెస్తాను.”

బొద్దు చాలాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది పాపం, నుదురు ముడుచుకుని. “నీళ్ళు,” అంది.

“నీళ్ళు తాగి ఎవరైనా బతుకుతారా తల్లీ? నిన్న పడిపోయావు. నాకు భయమేస్తోంది. పళ్ళు మంచివనీ, గుడ్డు మంచిదనీ కూడా నేనే కదా చెప్పాను. అది ఎందుకు గుర్తులేదు నీకు?”

“ఉంది.”

“మరి?”

“అవి తింటే నువ్వేం అనవుగా,” అంది బొద్దు. “డబ్బాలో పళ్ళు తెచ్చుకున్నవాళ్ళని చూసి ఊరికే తలూపి వెళ్ళిపోతావు. వద్దంటేనే చప్పట్లు. నువ్వు అప్పుడే నవ్వుతావు. బన్ను వద్దన్నప్పుడు నవ్వావు. కేకు వద్దన్నప్పుడు ఇంకా నవ్వావు. ఇంట్లో కూడా వద్దన్నాననుకో, నీకు ఇంకా ఇష్టంగా ఉంటుందనుకున్నాను.” దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ అంది: “ఇలా చేస్తే బొద్దు అనడం కూడా మానేస్తారేమో అనుకున్నాను. ఎవరూ మానలేదు.”

టీచరు పళ్ళెం మంచం మీద పెట్టేసింది. ఇన్నాళ్ళ పాఠంలో వద్దనడానికే చప్పట్లు కొట్టింది తప్ప, ఒక్కనాడంటే ఒక్కనాడు తిన్నందుకు కొట్టలేదు. ఎంత మంది పిల్లలకి ఎంత మేలు జరిగిందో చెప్పుకోవచ్చు. ఈ ఒక్క పిల్ల మాత్రం పాఠం మొత్తం విడిచిపెట్టి అమ్మ నవ్వుని నేర్చుకుంది.

ఇక్కడ ఊరుకుని, పిల్లని దగ్గరికి తీసుకుని, ఆ ఆపిల్ ముక్కే తను నోట్లో వేసుకుని ఉంటే ఎలా ఉండేదో. డాక్టరమ్మ చెప్పింది అంతే కదా. కానీ టీచరమ్మ బుర్ర టీచరమ్మ బుర్రే. తప్పు ఎక్కడ జరిగిందో తెలిసింది గనక, అక్కడే దిద్దాలి. బన్నుతో చెడింది బన్నుతోనే బాగుచెయ్యాలి. ఆమె గబగబా వంటగదిలోకి వెళ్ళి, పొద్దున్న తండ్రి తెచ్చినవాటిలో ముట్టుకోని బన్ను ఒకటి తీసుకుంది.

మెట్ల మీంచి ఆయన తల తిప్పి చూశాడు. “మళ్ళీ పాఠమా?” అన్నాడు.

“ఇదొక్కటీ చెయ్యనివ్వండి.”

“నీ ఇష్టం. ఎప్పుడు కాలేదు గనక నీ ఇష్టం?”

ఆమె గదిలోకి వచ్చి బొద్దుకి ఎదురుగా కూర్చుంది. “చూడు. ఇది మీ నాన్న చేసింది. మీ నాన్న చేత్తో చేసింది నాకు చాలా ఇష్టం. నేను తింటున్నాను,” అని పెద్ద ముక్క కొరికింది.

బొద్దు కళ్ళు పెద్దవయ్యాయి. “అమ్మా, వద్దు!”

ఆమె నమిలింది. నవ్వడానికి ప్రయత్నిస్తూ నమిలింది.

“ఉమ్మెయ్ అమ్మా! ఉమ్మెయ్!”

దుప్పటి విసిరికొట్టి పిల్ల ఆమె మీదికి దూకింది. నిలబడలేని పిల్లకి అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో, రెండు చేతులతో తల్లి దవడలు పట్టుకుని, వేళ్ళు నోట్లోకి పెట్టి, లోపలి ముక్క లాగెయ్యబోయింది. గోరు గీరుకుని టీచరు పెదవి చిట్లింది. తలుపు దగ్గరికి వచ్చిన నానమ్మ, “ఓరి నాయనో, ఏమైందే దీనికి!” అంటూ నిలబడిపోయింది.

“ఏం కాదమ్మా. ఒక్క బన్నుకి ఏమవుతుంది?” అంది టీచరు.

“మూసుకుపోతుంది! గొట్టం మూసుకుపోతుంది! నువ్వే చూపించావుగా!”

అవును, చూపించింది. పిల్లలకి బాగా మనసుకి పట్టాలని, గాజు గొట్టం లోపలంతా వెన్న పూసి, ఎర్రరంగు నీళ్ళు పోసింది. నీళ్ళు కిందికి దిగకుండా పైనే నిలిచిపోయాయి. ‘ఇలాగే ఒకరోజు రక్తం ఆగిపోతుంది, మనిషి పోతాడు’ అంది. క్లాసంతా గుడ్లప్పగించి చూసింది. చక్కగా కుదిరిందని ఆ రోజు ఇంటికి వస్తూ మురిసిపోయింది కూడా.

“ఒక్కసారికి అలా ఆగిపోదు తల్లీ.”

“బళ్ళో అలా చెప్పలేదే నువ్వు?”

ఆమె ఇంకో ముక్క కొరికింది. చూపిస్తే నమ్ముతుందనుకుంది.

బొద్దు అరవడం ఆపేసింది. తల్లి చేతిలోంచి బన్ను లాక్కుంది. లాక్కుని మంచం దిగి, రెండడుగులు వెనక్కి వేసి, గోడకి వీపు ఆనించి నిలబడింది. దాని వైపు చూసింది. కళ్ళు గట్టిగా మూసుకుని నోట్లో కుక్కుకుంది.

నమలడం లేదు. మింగుతోంది. గొంతులో అడ్డం పడుతుంటే గుటకలు మింగి లోపలికి తోస్తోంది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు బుగ్గల మీదుగా బన్ను మీదికి కారుతున్నాయి.

“తింటోంది!” నానమ్మ గొంతు పగిలేలా అరిచింది. “ఒరే, రారా! నీ కూతురు తింటోందిరా!”

తండ్రి మెట్ల మీంచి పరిగెత్తుకొచ్చాడు. గుమ్మంలో ఆగిపోయి, తలుపు పట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. “నేను చేసిందే. అమ్మా, చూడు, నేను చేసిందే తింటోంది.” పొద్దుట్నుంచీ మొదటిసారి పెళ్ళాం వైపు సరిగ్గా చూశాడు. ఆ చూపులో కోపం లేదు, పైగా దణ్ణం పెట్టినంత పని చేశాడు. “ఎలా తినిపించావే? ఏం చేశావ్? రేపు ఇంకా మెత్తగా చేసి తెస్తాను. రోజూ తెస్తాను.”

“నేను చెప్పలా, వెళ్ళు దాని దగ్గరికని?” అంది నానమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. “మంచినీళ్ళు తెస్తానుండు. గొంతు పట్టేస్తుంది పిల్లకి.” తల్లీ కొడుకూ ఇద్దరూ వంటగది వైపు నడిచారు. అక్కడ ఆయన ఏదో అన్నాడు. ఆవిడ నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినిపించి చాలా రోజులైంది.

టీచరు మంచం దిగి కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. మెచ్చుకోకూడదు. తిట్టకూడదు. ఆ స్వెట్టరు చెయ్యి పట్టుకుంది.

బొద్దు కళ్ళు తెరిచింది. మిగిలిన సగం బన్ను వెనక్కి దాచుకుంది, అమ్మ ఎక్కడ లాక్కుంటుందోనని.

“ఇంక నువ్వు తినకు. నీకు లేకుండా నేను తినేస్తున్నానుగా,” అంది. ఇంకో గుటక మింగి, గొంతు తగ్గించి, వంటగదిలోకి వినపడకుండా అడిగింది: “రేపు తెచ్చినప్పుడు కూడా నీది నేనే తినాలా అమ్మా?”

కాదంటే ఆ చేతిలో సగం అక్కడే ఆగిపోతుంది. సాయంత్రానికి ముక్కులో గొట్టం. అవునంటే రోజూ తింటుంది, అమ్మకి బదులు తను పోతాననుకుంటూ.

“చెప్పమ్మా,” అంది బొద్దు.